బోర్డును ముట్టుకోనివ్వండి



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో మెస్ చార్జీల గురించి, స్కాలర్‌షిప్పుల ఆలస్యం గురించి, నీళ్ళు రాని కుళాయిల గురించి రాస్తూనే ఉన్నాం. రాయాల్సిందే. ఆ సమస్యలు తీరేదాకా రాస్తూనే ఉండాలి. అయితే ఈసారి ఎవరూ పట్టించుకోని ఒక చిన్న వస్తువు గురించి రాయదలచుకున్నాం. అరచేతిలో పట్టే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఒక యూఎస్‌బీ తీగ. ఇంత చిన్న వస్తువుకు ఇన్ని పేజీలా అని కొందరు నవ్వవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వమని మనవి.

మా వాదన ఒక్కటే. ప్రతి సాంఘిక సంక్షేమ కళాశాల వసతి గృహంలో ఒక బల్ల ఉండాలి. ఆ బల్ల మీద నాలుగు బోర్డులు, నాలుగు తీగలు, ఒక పాత కంప్యూటర్ ఉండాలి. వాటికి తాళం ఉండకూడదు. ఎవరైనా ముట్టుకోవచ్చు, కలపవచ్చు, విప్పవచ్చు. ఒకటి అరా పాడైతే పాడవనివ్వాలి. ఎందుకో చెబుతాం.

బోర్డు అంటే ఏమిటి?

ఎంబెడెడ్ అనే మాట కనబడగానే ఆర్ట్స్ గ్రూపు మిత్రులు పేజీ తిప్పేయవద్దు. ఇది మనందరి ఇళ్ళ దాకా వచ్చేసిన వస్తువే. రేషన్ డిపోలో 2015 నుంచి మన అమ్మలు వేలిముద్ర వేస్తున్న ఈ-పాస్ యంత్రంలో ఉన్నది ఇలాంటి బోర్డే. ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటాలో, గోడకు బిగించిన కరెంటు మీటరులో, మన తీరం నుంచి వేటకు వెళ్ళే పడవల్లోని జీపీఎస్‌లో, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంట్రోలర్లలో ఉన్నదీ ఈ జాతే. ఒక ప్రాసెసర్, కొంత మెమరీ, చుట్టూ పిన్నులు. చాలావాటికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు.

మాలో ఒకరు సంక్రాంతి సెలవులకు ఇలాంటి బోర్డు ఇంటికి పట్టుకెళితే వాళ్ళ అమ్మగారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, ఈ బిళ్ళ కోసమేటి అన్నాళ్ళు సదివినావు?" అన్నారట. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మా ఇళ్ళలో మేమే మొదటి పట్టభద్రులం. మా చదువు దేనికి పనికొస్తుందో చూపించవలసిన బాధ్యత మాదే. మన ఇంటికి ఎన్ని కిలోల బియ్యం వచ్చాయో, ఎన్ని యూనిట్లు కాలాయో, పడవ ఏ దిక్కున ఉందో చెబుతున్నది ఆ బిళ్ళలే. అవి మన బతుకును తూస్తున్నాయి, కొలుస్తున్నాయి. వాటితో తిరిగి మాట్లాడగలిగినవాళ్ళు మాత్రం మన వీధుల్లో ఎంతమంది ఉన్నారు?

తెర లేని యంత్రంతో మాట్లాడేది సీరియల్ పోర్టు ద్వారా. దానికి మూడు తీగలు చాలు. ఒకటి మాట పంపేది, ఒకటి మాట అందుకునేది, మూడోది గ్రౌండ్. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి, డిపో ముందు క్యూలో నిలబడ్డ మనుషుల్లా వరుసగా వెళతాయి. ఇది కొత్త పద్ధతేమీ కాదు, టెలిగ్రాఫ్ వంశానికి చెందినది. లైనక్స్‌లో ఈ పోర్టుల పేర్ల ముందు ఉండే టీటీవై అనే మూడక్షరాలు టెలిటైప్ యంత్రం నుంచి వచ్చినవే. వేగానికి వాడే బాడ్ అనే కొలత ఫ్రాన్సు దేశపు టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చింది. కంప్యూటర్ల వెనక ఉండే పాత సీరియల్ పోర్టుకు ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది గానీ ఆ వంశం ఆగలేదు. ఈనాటి కంప్యూటర్లలో ఆ పాత పోర్టు కనబడకపోవడంతో మధ్యలో ఒక చిన్న చిప్పు దుబాసీ పని చేస్తోంది. సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీ232 అనే పేర్లతో దొరికేవి అవే. ఇటు యూఎస్‌బీ భాష, అటు సీరియల్ భాష.

తీగ కలిపితే ఏం జరుగుతుంది?

ఈ పని పుస్తకంలో ఒక పేరాలో అయిపోతుంది. బల్ల మీద కూర్చుంటే మెట్టు మెట్టుకూ ఒక పాఠం ఉంటుంది. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని కొంచెం వివరంగానే రాస్తున్నాం.

మొదటి మెట్టు తీగే. ఫోన్ చార్జింగ్ కోసం అమ్మే కొన్ని చవక యూఎస్‌బీ తీగల్లో కరెంటు మోసేవి రెండే ఉంటాయి, సమాచారం మోసేవి ఉండవు. బోర్డు మీద దీపం వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం ఏమీ కలపనట్టే ఊరుకుంటుంది. దీపం వెలిగింది కదా, అంతా బాగానే ఉంది అనుకుంటే గంటలు గడిచిపోతాయి. తీగ మార్చి చూడటం అనేది మొట్టమొదటి విద్య. ఇది మాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు.

రెండోది, కంప్యూటర్ బోర్డును గుర్తుపట్టిందో లేదో చూడటం. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే కామ్ పోర్టు అని ఒక అంకెతో కనబడాలి. లైనక్స్‌లో డీమెసేజ్ అనే ఆదేశం ఇస్తే చివరి వరుసల్లో టీటీవైయూఎస్‌బీ0 అనో, టీటీవైఏసీఎం0 అనో రావాలి. పేరు వచ్చినా తెరవబోతే 'పర్మిషన్ డినైడ్' అనవచ్చు. మన యూజర్‌ను డయలౌట్ అనే గ్రూపులో చేర్చలేదన్న మాట. చేర్చి, ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయితే తలుపు తెరుచుకుంటుంది.

మూడోది పిన్నులు. చాలా చిన్న బోర్డుల మీద దుబాసీ చిప్పు ముందే ఉంటుంది కాబట్టి ఈ గొడవ ఉండదు. రాస్‌ప్‌బెర్రీ పై వంటి బోర్డుకు మాత్రం విడిగా తీగలు కలపాలి. దాని మీద 6వ పిన్ను గ్రౌండ్, 8వది పంపేది, 10వది అందుకునేది. బోర్డు పంపే పిన్ను మన అడాప్టరు అందుకునే పిన్నుకు తగలాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవి దగ్గర ఉండాలి గదా! నోటికి నోరు కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఎవరికీ ఏమీ వినబడదు. ఆ పిన్నులు 3.3 వోల్టులవి. 5 వోల్టుల సంకేతం పంపితే బోర్డు కాలిపోవచ్చు. బోర్డుకు కరెంటు వేరే దారిలో అందుతున్నప్పుడు అడాప్టరు ఎర్ర తీగను కలపకూడదు.

నాలుగోది వేగం. రెండు వైపులా ఒకే వేగం పెట్టాలి. చాలా బోర్డులకు సెకనుకు 115200 బిట్లు. ఒక్కో అక్షరానికి ముందు ఒక ప్రారంభ బిట్టు, మధ్యలో 8 బిట్లు, చివర ఒక ముగింపు బిట్టు, వెరసి 10. అంటే సెకనుకు 11520 అక్షరాలు. 9600 పెడితే 960 అక్షరాలే. వేగం తప్పితే తెర మీద ప్రశ్నార్థకాలు, పెట్టెలు, పిచ్చి గీతలు వస్తాయి. వాటిని చూసి బోర్డు చెడిపోయిందని పక్కన పడేసేవాళ్ళు ఉన్నారు. పాపం, బోర్డు సరిగ్గానే మాట్లాడుతోంది, మనమే వేరే వేగంతో వింటున్నాం. ఈఎస్‌పీ8266 అనే చవక బోర్డు మామూలుగా లేవగానే మొదటి నాలుగు మాటలు 74880 అనే వింత వేగంతో చెబుతుంది. ఆ సంగతి తెలియక తల పట్టుకున్నవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు.

ఈ నాలుగు మెట్లూ దాటి రీసెట్ బటన్ నొక్కితే బోర్డు నిద్ర లేవడం మొదలుపెడుతుంది. దాన్నే బూట్ కావడం అంటారు. ఇది అచ్చం మన హాస్టల్ తెల్లవారినట్టే ఉంటుంది. మొదట లేచేది చిప్పు లోపల ఫ్యాక్టరీలోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం. అది మన వాచ్‌మన్ లాంటిది. దాని దగ్గర గేటు తాళం తప్ప ఏమీ ఉండదు, తర్వాతి మనిషి ఎక్కడున్నాడో మాత్రం తెలుసు. ఆ తర్వాతి మనిషి పొయ్యి వెలిగించే వంటమనిషి, అంటే మెమరీని సిద్ధం చేసే రెండో ప్రోగ్రాం. ఆ తర్వాత వార్డెన్ గారు, అంటే బూట్‌లోడర్. లైనక్స్ నడిచే బోర్డుల్లో ఎక్కువగా కనబడే బూట్‌లోడర్ యూ-బూట్. జర్మనీకి చెందిన వుల్ఫ్‌గాంగ్ డెంక్ మొదలుపెట్టినది, 2002 నుంచి ఆ పేరుతో ఉంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆయన 2022లో కన్నుమూశారు గానీ ఆయన రాసిన వరుస ఇప్పటికీ తెర మీద కనబడుతూనే ఉంది. 'హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్' అని, పక్కన సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. ఏదైనా మీట నొక్కితే ఆగి మన మాట వింటుంది. నొక్కకపోతే తన దారిన తాను పోతుంది. ఆ తర్వాత 'స్టార్టింగ్ కెర్నెల్' అంటుంది. హాస్టల్ అంతా లేచినట్టు వందల వరుసలు గబగబా పరుగెడతాయి. చివరకు 'లాగిన్' అని అటెండెన్సు అడుగుతుంది.

ఎక్కడ ఆగిందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. 2013లో వచ్చిన బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డు తన మెమరీలో గానీ, కార్డులో గానీ లేవడానికి ఏమీ దొరకకపోతే తెర మీద సీ, సీ, సీ, సీ అని ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరాన్నే రాస్తూ కూర్చుంటుంది. అది పిచ్చి కాదు. 'నా దగ్గర ఏమీ లేదు, ఎవరైనా ఈ తీగ మీద ఒక ఫైలు పంపండి' అని ఎక్స్‌మోడెం పద్ధతిలో అడగడం. వార్డ్ క్రిస్టెన్సన్ అనే అమెరికన్ 1977లో తయారు చేసిన పద్ధతి అది. 'స్టార్టింగ్ కెర్నెల్' తర్వాత ఒక్క ముక్క కూడా రాకపోతే బోర్డు చచ్చిపోయిందని అనుకోనక్కరలేదు. ఏ పోర్టు మీద మాట్లాడాలో చెప్పే కన్సోల్ అనే వరుస తప్పు ఉండవచ్చు. అది నడుస్తూనే ఉంటుంది, వేరే గోడ వైపు తిరిగి మాట్లాడుతూ ఉంటుంది. రూట్ ఫైల్ సిస్టం మౌంట్ కాలేదంటే ముందు కార్డు చూడాలి.

గత సంవత్సరం మేము కొందరం డబ్బులు వేసుకుని ఒక బోర్డు కొని ఆదివారం సాయంత్రాలు హాస్టల్ వరండాలో కలిపి చూసేవాళ్ళం. పాతపట్నం వైపు నుంచి వచ్చిన డిప్లొమా తమ్ముడు ఒకడు పక్కన నిలబడి చూసేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు అంటే నోరు విప్పడు. మూడో ఆదివారం తెర మీద వరుసలు ఒక్కొక్కటే చదివి, తెలియని మాటలు నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. లోడ్, మౌంట్, ఫెయిల్డ్, టైమౌట్, నాట్ ఫౌండ్. లెక్కపెడితే ముప్పై మాటలు దాటలేదు. యంత్రం ఇంగ్లీషు అంతే. అందులో యాస లేదు, వెక్కిరింపు లేదు, మన ఉచ్చారణ చూసి ముసిముసి నవ్వులు లేవు. ఆ తమ్ముడు ఇప్పుడు మా అందరికంటే ముందు తప్పు పట్టేస్తున్నాడు.

బీరువా తాళం

ఇంత చవకైన చదువు మనకెందుకు అందడం లేదు? మాలో కొందరు చదివిన ఒక కాలేజీ సంగతి చెబుతాం. పేరు అనవసరం, ఎందుకంటే ఇలాంటివి ఒక్కటి కాదు. ల్యాబ్‌లో బోర్డులు ఉన్నాయి. అద్దాల బీరువాలో, పెట్టెల్లో, ప్లాస్టిక్ కాగితం కూడా తీయకుండా ఉన్నాయి. తనిఖీకి ఎవరైనా వచ్చినరోజు బయటికి వస్తాయి. మిగతా రోజుల్లో మేము సిమ్యులేటర్‌లో దీపం వెలిగించి, ముందు బ్యాచ్ రికార్డు చూసి రాసుకున్నాం. డ్రైవరు వేసుకుంటామంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంటు గారి దగ్గర ఉంటుంది. ఆయన్ని అడిగితే, "బోర్డు పోతే నా జీతంలోంచి కడతానా?" అన్నారు.

ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన భయం నిజమైనదే. అసలు దోషం స్టాకు రిజిస్టరులో ఉంది. ల్యాబ్ వస్తువులకు రెండు రిజిస్టర్లు ఉంటాయి. వాడితే అయిపోయేవి ఒకదాంట్లో, ఎప్పటికీ ఉండవలసినవి రెండోదాంట్లో. కెమిస్ట్రీ ల్యాబ్‌లో యాసిడ్ మొదటిదాంట్లో ఉంటుంది. సంవత్సరం చివర యాసిడ్ తిరిగి చూపించమని ఎవరూ అడగరు. ఐదారు వందల రూపాయల బోర్డును మాత్రం ఇనుప బీరువాతో సమానంగా రెండోదాంట్లో రాస్తారు. అది కాలిపోతే సంజాయిషీ రాయాలి, రైటాఫ్ చేయించాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. కాబట్టి బోర్డు క్షేమంగా ఉండాలంటే విద్యార్థి దాన్ని ముట్టుకోకూడదు. బోర్డు క్షేమంగానే ఉంది. విద్యార్థి సంగతే ఎవరూ రాసుకోలేదు.

దాని ఫలితం ఉద్యోగాల దగ్గర బయటపడుతుంది. మా మిత్రుడొకరు హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళితే అడిగినది ఒకే ప్రశ్న: "బోర్డు బూట్ కావడం లేదు. మొదట ఏం చూస్తారు?" మావాడికి మార్కులు బాగానే ఉన్నాయి. ప్రాసెసర్ నిర్మాణం బొమ్మతో సహా చెప్పగలడు. కానీ చూడటం అనేది ఎవరూ నేర్పలేదు. గురజాడ వారి గిరీశం ఇప్పుడుంటే పవర్‌పాయింటు పెట్టి ఎంబెడెడ్ సిస్టమ్స్ మీద సెమినార్ ఇచ్చేవాడు. మన చదువులు అటే పోతున్నాయేమోనని మా భయం.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 'ముట్టుకోవద్దు' అనే మాట మన తాతల చెవులకు కొత్త కాదు. బావి దగ్గర విన్నారు, గుడి దగ్గర విన్నారు, హోటల్ గ్లాసు దగ్గర విన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టింది ఆ మాటకు జవాబుగానే. ల్యాబ్‌లో ఆ మాట అనేవారి ఉద్దేశం వేరే కావచ్చు, అందరితోనూ అనవచ్చు. కానీ వినే చెవి పాతది. ఇంట్లో ల్యాప్‌టాప్, అన్నయ్య ఇంజినీరు ఉన్న పిల్లవాడు ఆ మాట విని నవ్వేసి సొంతంగా బోర్డు కొనుక్కుంటాడు. మనవాడు మాత్రం చేయి వెనక్కి తీసుకుంటాడు, నాలుగేళ్ళు తీసుకునే ఉంటాడు.

అభ్యంతరాలకు జవాబులు

మొదటి అభ్యంతరం: ముందు కిటికీలకు తలుపులు, తర్వాత బోర్డులు. న్యాయమైన మాటే. కానీ తలుపులు వచ్చేదాకా పుస్తకాలు వద్దని మనం ఎప్పుడైనా అన్నామా? అంబేద్కర్ 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ ఆశయాల్లో వసతి గృహాలు, గ్రంథాలయాలు, పారిశ్రామిక పాఠశాలలు ఒకే జాబితాలో ఉన్నాయి. అన్నం, పుస్తకం, పనిముట్టు మూడూ ఒకే ఇంటివి అని వంద ఏళ్ళ కిందటే ఆయన చెప్పారన్న మాట. మనకు అన్నం వచ్చింది, పుస్తకం కొంత వచ్చింది. పనిముట్టు రావాలి.

రెండోది: పిల్లలు పాడుచేస్తారు. చేస్తారు, నిజమే. సైకిల్ నేర్చుకుంటూ మోకాలు కొట్టుకోనివాడు లేడు. బ్రిటన్‌లో 2016లో సుమారు పది లక్షల మంది బడి పిల్లలకు మైక్రోబిట్ అనే బోర్డును ఉచితంగా ఇచ్చి సొంతానికి ఉంచుకోమన్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వచ్చే పిల్లలకు కంప్యూటర్‌తో చేతిపని అలవాటు తగ్గిపోతోందని గమనించి ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు తలపెట్టినదే 2012లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై. ఇటలీలో 2005లో ఆర్డుయినో పుట్టింది కూడా విద్యార్థులకు చవకగా అందాలనే. ధనిక దేశాల పిల్లలకే పాడుచేసుకునే హక్కు ఉంటుందా? మన ప్రభుత్వాలకూ ఈ సంగతి తెలుసు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్ళలో మరో 50,000 ల్యాబులు ప్రభుత్వ బడుల్లో పెడతామన్నారు. సంతోషమే. కానీ ఆ పథకం ఆరు నుంచి పన్నెండో తరగతి వరకే. డిప్లొమా, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే మన వసతి గృహాలు ఆ లెక్కలో లేవు. 20 లక్షలు మేము అడగడం లేదు. అందులో వందో వంతు కూడా అక్కరలేదు.

మూడోది: అమీర్‌పేట వెళ్ళి కోర్సు చేస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది, ఈ బోర్డులెందుకు? వెళ్ళేవాళ్ళు వెళ్ళనివ్వండి. కానీ సీరియల్ తీగ నేర్పేది ఒక్క బోర్డునే కాదు. జీపీఎస్ పరికరాలు తమ లెక్కను మామూలు అక్షరాల్లో సెకనుకు 4800 బిట్ల వేగంతో పంపే ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతి కూడా ఇదే చదువు. ఫ్యాక్టరీ కంట్రోలర్లు 1979 నుంచి వాడుతున్న మోడ్‌బస్ కూడా దీని చుట్టమే. వలస మన రెండు జిల్లాల నుదుటి రాత అంటారు. ఊరికి దగ్గరలో పని దొరికే చదువు కొంతైనా ఉంటే ఆ రాత కొంతైనా మారుతుంది గదా!

నాలుగోది: ఇప్పుడు వర్చువల్ ల్యాబులు ఉన్నాయి, ఫోనులోనే ప్రయోగం చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ పథకంగా వచ్చిన వర్చువల్ ల్యాబుల్లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాత్ర కూడా ఉంది. సిద్ధాంతం అర్థం కావడానికి అవి చాలా మంచివి, మేము కూడా వాడుకున్నాం. కానీ అందులో చార్జింగ్ తీగ సమస్య రాదు. గ్రౌండ్ ఊడిపోదు. వేగం తప్పి పిచ్చి అక్షరాలు రావు. ఉద్యోగంలో వచ్చేవి అవే.

ఇవన్నీ విదేశీ బోర్డులేనా అని కొందరు అడుగుతారు. కాదు. తిరువనంతపురంలోని సీ-డాక్ సంస్థ వేగా అనే ప్రాసెసర్లు తయారు చేసింది. అందులో తేజస్32 చిప్పుతో ఏరీస్ బోర్డులు వచ్చాయి. ఐఐటీ మద్రాసు వారి శక్తి ప్రాసెసర్లు ఉన్నాయి. ఈ రెండింటినీ ముందుకు నడపడానికి కేంద్రం 2022 ఏప్రిల్‌లో ఒక కార్యక్రమం కూడా ప్రకటించింది. ఆ ఏరీస్ బోర్డును యూఎస్‌బీ తీగతో కలిపి చూడండి. సీరియల్ తెర మీద తన పేరు చెప్పి, ఎక్స్‌మోడెం ద్వారా ప్రోగ్రాం పంపమని అడుగుతుంది. అమెరికా చిప్పయినా మన చిప్పయినా తలుపు ఒకటే. ఆ తలుపు తట్టడం వచ్చినవాడికి రెండూ వస్తాయి.

మా మనవి

మా అంచనా ప్రకారం ఒక బల్లకు కావలసింది ఇది. ఈఎస్‌పీ32 వంటి బోర్డులు ఆరు, సుమారు మూడున్నర వేలు. విడి అడాప్టర్లు మూడు, ఏడెనిమిది వందలు. ఒక మల్టీమీటరు, సమాచారం మోసే మంచి తీగలు, జంపర్ వైర్లు కలిపి వెయ్యి. పాత కంప్యూటర్ ఒకటి, ఏడెనిమిది వేలు. లైనక్స్ ఉచితం. అన్నీ కలిపి పదమూడు వేల చుట్టూ. మన వార్షికోత్సవానికి షామియానా, మైకుసెట్టు, సీరియల్ బల్బుల దండలు కట్టించిన లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ సీరియల్‌కు అయ్యే ఖర్చులో ఈ సీరియల్ కూడా వచ్చేస్తుంది.

వార్డెన్లకు మనవి: బోర్డులను వాడితే అయిపోయే వస్తువుల రిజిస్టరులో రాయించండి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఒక సీనియర్ విద్యార్థికి, బాలికల వసతి గృహంలో ఒక సీనియర్ అమ్మాయికి అప్పగించండి. బాలికల వసతి గృహానికి సాయంత్రం ఆరు దాటితే ల్యాబ్ ఉండదు, బయటి ఇంటర్నెట్ సెంటరూ ఉండదు. కాబట్టి మొదటి బల్ల అక్కడే పడాలని మా కోరిక.

పూర్వ విద్యార్థులకు మనవి: పండక్కి వచ్చినప్పుడు ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చోండి. ఉపన్యాసం వద్దు. బోర్డు లేవకపోతే మీరు మొదట ఏం చూస్తారో మా తమ్ముళ్ళు మీ పక్కన కూర్చుని చూస్తారు, అది చాలు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మనవి: బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టండి. యంత్రం ఏ వరుస దగ్గర ఆగిందో, దాని అర్థమేమిటో, ఎలా బాగైందో తెలుగులో రాయండి. మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారికి సవర భాష నేర్పే పుస్తకం ఎక్కడా దొరకలేదు. ఆయన సవరల పక్కన కూర్చుని విన్నారు, విన్నది రాసుకున్నారు. ఆ రాతలే 1931లో సవర భాషకు పుస్తకమయ్యాయి. తెలియని భాష నేర్చుకోవడానికి మన జిల్లా చూపించిన దారి అది. పక్కన కూర్చోవాలి, వినాలి, రాసుకోవాలి. బోర్డు విషయంలోనూ అంతకంటే వేరే దారి లేదు.

ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు. మేము ముగ్గురం కలిసి రెండు బోర్డులు, ఒక అడాప్టరు, రెండు మంచి తీగలు ఈ సంచిక విడుదల రోజున వార్డెన్ గారికి అందజేస్తున్నాం. రసీదు అక్కరలేదు. ఏ రిజిస్టరులో రాస్తారో మాత్రం పక్కనే నిలబడి చూస్తాం.

జై భీమ్!